పలచని లాప్‌టాప్‌కు నల్లదుమ్ము జబ్బు
(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఈ పూట మాట్లాడుకోబోయేది వంట సంగతి కాదు, కుట్లు అల్లికల సంగతీ కాదు. మన ఇళ్లలో బల్లమీదో, మంచంమీదో, ఒక్కొక్కప్పుడు ఫ్రిజ్జు నెత్తిమీదో కనిపించే పలచని లాప్‌టాప్ సంగతి. అది పిల్లల వస్తువు, మనకెందుకులే అనుకునేవారు చాలామంది. మిక్సీ మోటారు కాలితే దుకాణానికి మోసేది మనమే. కుక్కరు వాషరు అరిగితే పాతది చేత పట్టుకుపోయి సరిగ్గా అదే సైజుది తెచ్చేదీ మనమే. లాప్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "మమ్మీ, ఇది పోయింది, కొత్తది కొనాలి" అని పిల్లవాడు అనగానే నమ్మేస్తాం. నలభై యాభై వేల రూపాయల మాట అది. ఊరికే నమ్మదగినంత చిన్న మొత్తం కాదు గదా!

మన గోదావరిఖనిలో, ఎయిట్ ఇంక్లైన్ కాలనీలో, అటు ఎన్టీపీసీ వైపు ఈ వస్తువు చాలా ఇళ్లకు వచ్చింది 2020 తర్వాతనే. ఆ ఏడు బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి సర్కారు బడి పిల్లలకు టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వేశారు. ప్రైవేటు బడులూ కాలేజీలూ ఫోనులోనో, కంప్యూటరులోనో క్లాసులు పెట్టాయి. దసరాకు ముందు చేతికొచ్చే లాభాల వాటాలోంచో, దీపావళి బోనసులోంచో తీసి చాలామంది లాప్‌టాప్‌లు కొన్నారు. సన్నగా తేలిగ్గా ఉంటే పిల్ల భుజానికి బరువుండదు గదా అని పలచనివే ఏరుకున్నారు. ఇప్పుడు వాటికి ఐదేళ్లు నిండాయి. ఒకటొకటే మూలగడం మొదలుపెట్టాయి.

ఆ మూలుగు ఏ జబ్బుదో తెలుసుకుంటే సగం డబ్బు మిగులుతుంది. అన్ని మూలుగులూ చావుకు కాదు.

ముందుగా ఈ పలచదనం ఎక్కడి నుంచి వచ్చిందో రెండు ముక్కలు చెబుతాను. 2008 జనవరిలో ఆపిల్ కంపెనీ అధినేత స్టీవ్ జాబ్స్ వేదికమీద నిలబడి, ఆఫీసుల్లో కాగితాలు పెట్టుకునే పసుపురంగు కవరులోంచి ఒక లాప్‌టాప్ తీసి చూపించాడు. బరువు కిలో మూడువందల అరవై గ్రాములు. జనం ముక్కున వేలేసుకున్నారు. తర్వాత 2011లో ఇంటెల్ కంపెనీ పట్టుబట్టి మిగతా కంపెనీలన్నిటిచేతా ఆ తరహావి చేయించింది. అయితే సన్నబడటానికి ఏం చేశారంటే, లోపల విడిగా ఊడివచ్చే భాగాలను తగ్గించేశారు. పాత లావు లాప్‌టాప్‌కు అడుగున ఒక గొళ్లెం జరిపితే బ్యాటరీ చేతిలోకి వచ్చేది. చిన్న మూత తీస్తే మెమొరీ బద్ద కనిపించేది. పలచనిదానిలో బ్యాటరీ లోపలికి పోయింది, మెమొరీ చాలావాటిలో పలకకే అతికిపోయింది. అందుకని దీనికి వచ్చే జబ్బులు వేరు, చేయించవలసిన వైద్యమూ వేరు.

మన ప్రాంతంలో మొట్టమొదటి జబ్బు వేడి. దాని వెనకాల ఉన్నది దుమ్ము.

మీ ఇంట్లో బాయి పనికి వెళ్లేవారు ఉంటే అడిగి చూడండి. భూగర్భ గనిలో మంచి గాలి లోపలికి పోయే దారి ఒకటి, వాడిన గాలి బయటికి వచ్చే దారి ఇంకొకటి ఉంటాయి. పైన పెద్ద ఫ్యాను పెట్టి గాలిని లాగుతారు. ఆ దారిలో ఎక్కడ అడ్డం పడ్డా లోపల మనిషికి ఊపిరాడదు. లాప్‌టాప్‌లో కూడా సరిగ్గా ఇదే ఏర్పాటు. అడుగున సన్నసన్న చీలికలు ఉంటాయి, అవి గాలి పీల్చుకునే దారి. వెనకవైపు, మూత మడతబందుల దగ్గర వేడిగాలి బయటికి పోతుంది. మధ్యలో అరచేతికన్నా చిన్న ఫ్యాను, దాని ముందు దువ్వెన పళ్లంత దగ్గరగా రాగి రేకులు. మంచంమీద మెత్తటి బొంతపై పెట్టి వాడితే అడుగు చీలికలు మూసుకుపోయినట్టే. అందుకే "మంచంమీద పెట్టొద్దు" అని పిల్లలతో గొడవపడాలి. చెక్క పీటయినా సరే, రొట్టెలు చేసే పలకయినా సరే, గట్టిగా చదునుగా ఉన్నదాన్ని కింద పెట్టండి.

ఇక దుమ్ము. పొద్దున తుడిచిన కిటికీ పలక సాయంత్రానికి నల్లబడే ఊరు మనది. ఓపెన్‌కాస్టుల వైపు నుంచి, లారీల దారి నుంచి వచ్చే ఆ మెత్తటి పొడి ఊరికే ఎగిరిపోయేది కాదు. వంటింటి పోపు ఆవిరి, దుప్పట్ల నూగు కూడా కలిసి రాగి రేకుల ముందు ఒక పొరలా కట్టుకుంటుంది. అచ్చం కంబళి ముక్కలాగా ఉంటుంది, తీసి చూపిస్తే ఆశ్చర్యపోతారు. ఈ పొర ఫ్యానుకూ రేకులకూ మధ్యన కట్టుకుంటుంది కనుక పైనుంచి బ్రష్షుతో ఎంత తుడిచినా పోదు. అడుగు మూత తీయవలసిందే.

వేసవిలో సంగతి మరీ కష్టం. చాలా కంపెనీలు తమ లాప్‌టాప్ గదిలో 35 డిగ్రీల వేడి వరకు పనిచేస్తుందని పుస్తకంలో రాసి ఇస్తాయి. రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు దాటడం ఏమైనా కొత్తా? లోపలి ప్రాసెసరు నూరు డిగ్రీల దగ్గరికి వచ్చిందంటే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అప్పుడే "హ్యాంగ్ అవుతోంది" అంటారు పిల్లలు. అది చెడిపోవడం కాదు, ఎండన పడి నడిచిన మనిషి నీడన కూలబడటం వంటిది. పొద్దుటిపూట చురుగ్గా నడిచి, మధ్యాహ్నం మొరాయించి, రాత్రి మళ్లీ బాగుపడితే జబ్బు వేడిదేనని తొంభై పాళ్లు నమ్మండి. కూలరుకు ఎదురుగా పెడితే చల్లగా ఉంటుందనుకుంటారు కొందరు. అది తడిగాలి. దుమ్ముమీద తడి చేరితే ఏమవుతుందో గోడలను చూస్తే తెలుస్తుంది. కూలరున్న గదిలో వాడండి, కాని దాని ముక్కు ముందు పెట్టకండి.

కనుక ఏడాదికొకసారి, శివరాత్రి వెళ్లాక ఉగాదిలోగా, లోపల శుభ్రం చేయించండి. చలి వెళ్లి ఎండ ముదరకముందే కూలరు తడకలు మార్పిస్తాం కదా, ఆ లెక్కలోనే ఇదీ వేసుకోండి. గ్యారంటీ ఇంకా ఉంటే కంపెనీ సర్వీసు వారిచేతనే చేయించాలి. లేకపోతే ఊళ్లో తెలిసిన మెకానిక్ చాలు. అయితే వదిలేసి రాకుండా పక్కన నిలబడండి. మూడు సంగతులు గమనించండి చాలు. మూత తీయగానే అతను మొదట బ్యాటరీ తీగను ఊడదీయాలి, ఎందుకంటే బటను నొక్కి ఆర్పినా లోపలి బ్యాటరీలో కరెంటు ఉంటుంది. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను పుల్లతోనో వేలితోనో ఆపి పట్టుకోవాలి, లేకపోతే అది గిర్రున తిరిగి బేరింగు పాడవుతుంది. ఇళ్లలో వాడే వాక్యూం క్లీనరు మాత్రం లోపల పెట్టనివ్వకండి, దాని గొట్టం దగ్గర పుట్టే స్థిరవిద్యుత్తు చిప్పులను కొట్టేస్తుంది. ఐదేళ్లనాటిదైతే ప్రాసెసరు మీద పూసే థర్మల్ పేస్టు ఎండి పెచ్చులు కట్టి ఉంటుంది, అదీ మార్చమనండి. అన్నట్టు, పలచనివాటికి మరలు అన్నీ ఒకే పొడవు ఉండవు. పొట్టిమర చోట పొడుగుమర బిగిస్తే పైన కీబోర్డుకు బొడిపె లేస్తుంది, కింద పలకకు చిల్లు పడుతుంది. తీసిన మరను తీసిన వరుసలోనే కాగితంమీద పెట్టే మెకానిక్ దొరికితే అతణ్ణి వదులుకోకండి.

మీరే విప్పుకోవచ్చునా అని అడుగుతారేమో. నా మట్టుకు నేను విప్పమనను. చూడటం నేర్చుకోండి అంటాను.

వేడి కాకుండా నిదానంగా నడిచే జబ్బు ఇంకొకటి ఉంది. దీన్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు మీటలు ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ అని ఒక పట్టిక తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్నచోట ప్రాసెసరు, మెమొరీ, డిస్కు ఎంతెంత పనిలో ఉన్నాయో శాతాల్లో కనిపిస్తుంది. మీ అమ్మాయి రోజూ ఏమేం తెరుస్తుందో అవన్నీ తెరిచిపెట్టమని చెప్పి ఆ పట్టికను రెండు నిమిషాలు చూడండి. డిస్కు నూటికి నూరు దగ్గర తిష్ఠవేసుకుని ఉంటే తప్పు డిస్కుది. మెమొరీ తొంభై దాటితే చోటు చాలడంలేదన్నమాట.

డిస్కూ మెమొరీ వేరువేరని చాలామందికి తెలియదు. మనకర్థమయ్యేటట్టు చెప్పాలంటే, డిస్కు అనేది సామాను గది, మెమొరీ అనేది వంటగట్టు. గది ఎంత పెద్దదైనా గట్టు ఇరుకైతే నాలుగు వంటలు ఒకేసారి చేయలేం. మాటిమాటికి గిన్నెలు గదిలో పెట్టి, మళ్లీ తెచ్చుకుంటూ ఉండాలి. ఆ తిరుగుడే మనకు నిదానంగా కనిపిస్తుంది.

డిస్కులో రెండు రకాలు. పాతరకంలో లోపల పళ్లెం వంటిది గిరగిర తిరుగుతుంది. కొత్తరకాన్ని ఎస్.ఎస్.డి. అంటారు, అందులో తిరిగేది ఏదీ ఉండదు, అంతా చిప్పులే. 2020 నాటి తక్కువ ధర లాప్‌టాప్‌లలో కొన్నిటికి ఇంకా తిరిగే డిస్కే ఉంది. దాన్ని తీసి ఎస్.ఎస్.డి. పెట్టిస్తే నిమిషాలు పట్టే వస్తువు సెకన్లలో తెరుచుకుంటుంది. కొత్త లాప్‌టాప్ ఖరీదులో చిన్న వంతుతో అయ్యే పని ఇది, నన్నడిగితే అన్నిటికన్నా ముందు చేయించవలసింది ఇదే. పలచనివాటిలో సాధారణంగా ఎం.2 అనే రకం పడుతుంది. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు, మన పోపుల డబ్బా చెంచా అంత ఉంటుంది. కొన్నిటికి ఇంకా పొట్టిది కావాలి. వాటిలోనూ సాటా అనీ, ఎన్.వి.ఎం.ఈ. అనీ రెండు తరహాలు ఉన్నాయి, ఒకదానిచోట ఇంకొకటి పనిచేయకపోవచ్చు. కుక్కరు వాషరుకు చేసినట్టే చేయండి, పాతది చూపించి లేదా మోడలు నంబరు చెప్పి తీసుకోండి.

మెమొరీ దగ్గర మాత్రం జాగ్రత్త. ఊడివచ్చే బద్ద ఉన్న లాప్‌టాప్‌కే పెంచగలం. పలకకు అతికించినదాన్ని ఏ మెకానిక్కూ మామూలుగా పెంచలేడు. ఇది దుకాణానికి వెళ్లకముందే తెలుసుకోవచ్చు. టాస్క్ మేనేజరులోనే మెమొరీ మీద నొక్కితే కింద ఫారం ఫ్యాక్టర్ అని ఒక మాట ఉంటుంది. దాని ఎదుట సోడిమ్ అని ఉంటే ఊడివచ్చేది. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే అతికించినది. స్లాట్స్ యూజ్డ్ అన్నచోట రెండింటిలో ఒకటే వాడుకలో ఉందని చూపిస్తే ఇంకొకటి ఖాళీ ఉండవచ్చు. అదృష్టమే. డీడీఆర్4 పట్టేచోట డీడీఆర్5 పట్టదు, గాటు వేరుగా ఉంటుంది, బలవంతంగా దూర్చనివ్వకండి. మెమొరీ చిప్పుల ధరలు 2025 చివరి నెలల నుంచి బాగా ఎక్కాయి. ప్రపంచమంతా కృత్రిమ మేధ కోసం పెద్దపెద్ద కేంద్రాలు కట్టి చిప్పులన్నీ అటే లాక్కుంటున్నారు. ఎక్కడో అమెరికాలో కట్టే కట్టడానికి మన చౌరస్తా దుకాణంలో ధర పెరగడం విడ్డూరమే. కొత్తవి కొనబోయేవారు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి: అతికించిన మెమొరీ అయితే మొదటే 16 జీబీది తీసుకోవాలి. తర్వాత పెంచుదాంలే అనే మాట అక్కడ చెల్లదు.

ఈ మధ్య ఇంకొక భయం పెడుతున్నారు. విండోస్ 10కు కాలం తీరింది, ఇక ఈ లాప్‌టాప్ పనికిరాదు అని. అందులో సగమే నిజం. మన హైదరాబాదులో చదువుకున్న సత్య నాదెళ్ల నడిపిస్తున్న మైక్రోసాఫ్ట్ కంపెనీ 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మరమ్మతులు పంపడం మానేసింది. ఇళ్లలో వాడుకునేవారు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు రక్షణ మరమ్మతులు పంపుతామంది. ఇంటెల్ ప్రాసెసరున్న లాప్‌టాప్‌లలో దాదాపుగా ఎనిమిదో తరం, ఆ తర్వాత వచ్చినవాటికి విండోస్ 11 ఎక్కుతుంది. కనుక 2020లో కొన్నవాటిలో చాలావాటికి ఇబ్బంది లేదు. అంతకన్నా పాతవాటికి లినక్స్ అనే ఉచిత వ్యవస్థ ఉంది. దాన్ని తెలుగులోకి తెచ్చిన స్వేచ్ఛ అనే సంస్థ హైదరాబాదులోనే ఉంది. ఉత్తరాలు రాసుకోవడానికి, పాఠాలు చూడటానికి లినక్స్ హాయిగా సరిపోతుంది. బ్యాంకు పనులు మాత్రం కాలంతీరిన విండోస్‌లో చేయవద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి.

ఇక అసలు చెప్పవలసిన సంగతికి వస్తాను. ఇంతవరకు చెప్పినవన్నీ డబ్బు సంగతులు. ఇది ఇంటి సంగతి.

పాతకాలంలో బాయిలోకి దిగేవారు తలమీద దీపం, నడుముకు బరువైన బ్యాటరీ కట్టుకునేవారు. అందులో ఉన్నది సీసమూ ఆమ్లమూ. చుక్క పడితే ప్యాంటుకు చిల్లు పడేది, ఉతికే మనకు తెలుసు. ఇప్పుడు తేలికపాటి లిథియం బ్యాటరీల దీపాలు వచ్చాయి. 1991లో జపాను సోనీ కంపెనీ మొదట అమ్మకానికి పెట్టిన రకం బ్యాటరీయే ఇది. దీన్ని కనిపెట్టినందుకు గుడినఫ్, విటింగ్‌హాం, యోషినో అనే ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మన ఫోనులో, లాప్‌టాప్‌లో ఉన్నది ఇదే. అయితే పలచని లాప్‌టాప్‌లో చోటు లేక, గట్టి డబ్బాలో కాకుండా మెత్తటి రేకు సంచిలో పోసి పెడతారు. వేడికీ, ఎప్పుడూ నిండుగా ఛార్జింగులో ఉండటానికీ లోపలి ద్రవం చెడి వాయువు పుడుతుంది. ఎండలో మరిచిపోయిన పాలప్యాకెట్టు ఉబ్బినట్టు ఆ సంచి ఉబ్బుతుంది.

ఆ ఉబ్బు బయటికి ఎలా తెలుస్తుందో చూడండి. కీబోర్డు కింద వేలితో రుద్దే పలక బిగుసుకుపోయి నొక్కుడు పడదు, లేదా ఒకవైపు పైకి లేచి ఉంటుంది. మూత వేస్తే మధ్యలో సందు ఉంటుంది. బల్లమీద పెడితే నాలుగు కాళ్లమీద నిలవక ఊగుతుంది. అడుగు మూత మర ఊడకుండానే పక్కన విచ్చుకుంటుంది. నాకు తెలిసిన ఒకరింట్లో ఆ లేచిన పలకను చేత్తో అదిమి, పైన రెండు లావు పుస్తకాలు పెట్టి సరిచేద్దామని చూశారు. "బరువు పెడితే దిగుతదనుకున్నమక్కా" అంది ఆ ఇల్లాలు. పాపం, ఎవరూ చెప్పలేదు. అది చేయవలసిన పనికి సరిగ్గా తలకిందులు. లోపలి పొరలు ఒకదానికొకటి తగిలితే మంట లేస్తుంది, ఆ మంట ఒక పట్టాన ఆరదు.

ఉబ్బు కనిపించిన మరుక్షణం ఛార్జరు తీసేసి, మామూలు పద్ధతిలో ఆర్పేయండి. మళ్లీ ఛార్జింగు పెట్టకండి. అదమకండి, పొడవకండి, ఫ్రిజ్జులో పెట్టకండి. పరుపుమీదా, బీరువాలో బట్టల మధ్యనా ఉంచకండి. గచ్చుమీద, కర్టెన్లకు దూరంగా పెట్టి, వీలైనంత తొందరగా మెకానిక్ దగ్గరికి చేర్చండి. స్కూటీ డిక్కీలో ఎండలో వదలకండి. ఒకవేళ బుస్సుమని పొగ వస్తే వస్తువు మీద ఆశ వదులుకుని, ముందు పిల్లల్నీ పెద్దవారినీ గదిలోంచి బయటికి పంపి 101కి ఫోను చేయండి. ఆ పొగ పీల్చకూడనిది.

ఇంత దూరం రాకుండా చూసుకోవచ్చు. రాత్రంతా ఛార్జింగులో పెట్టి పడుకోవడం మాన్పించండి. చాలా లాప్‌టాప్‌లలో 80 శాతం దగ్గర ఛార్జింగు ఆపే ఏర్పాటు ఉంటుంది, దాన్ని పెట్టించండి. బ్యాటరీ ఎంత అరిగిందో కూడా లెక్క తీయవచ్చు. విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ అని ఒక కాగితం వస్తుంది, ఇంజనీరింగు చదివే పిల్లలెవరైనా నిమిషంలో తీసి ఇస్తారు. అందులో డిజైన్ కెపాసిటీ అంటే పుట్టినప్పటి శక్తి, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అంటే నేటి శక్తి. మొదటిది 42,000 ఉండి రెండోది 21,000 అయితే సగం అరిగిందని అర్థం. అంతకు దిగితే మార్పించడమే మేలు. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు బిల్లు అడగండి, పాతదాని నంబరు సరిపోల్చండి. దానిమీద ఐ.ఎస్. 16046 అనీ, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరూ ఉండాలి, అది మన ప్రభుత్వం పెట్టిన ముద్ర. ముద్రలేని చవకబ్యాటరీ మాత్రం వద్దు. పాతదాన్ని చెత్తబండిలో వేయకండి. దానిమీద కొట్టేసిన చెత్తడబ్బా బొమ్మ ఉన్నది అందుకే. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం దాన్ని వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసినవారిది. అమ్మినవారికే ఇచ్చి రండి.

అసలు వెలగనే వెలగని లాప్‌టాప్ ఉంటుంది చూడండి, దాని గురించి కూడా ఒక మాట. ఛార్జరు తీసి, వెలిగించే బటను ముప్పై సెకన్లు నొక్కి పట్టుకుని వదలండి. లోపల చిక్కుకున్న కరెంటు దిగిపోయి కొన్ని అక్కడే లేచి కూర్చుంటాయి. తర్వాత ఇంకో ప్లగ్గులో పెట్టి చూడండి. ఛార్జరు యూఎస్‌బీ-సి రకమైతే, లాప్‌టాప్‌కు 65 వాట్లు కావలసినచోట ఫోను ఛార్జరు పెడితే అది ఆనదు. దీపం వెలుగుతూ, ఫ్యాను తిరుగుతూ, తెర మాత్రం నల్లగా ఉంటే హెచ్.డి.ఎం.ఐ. తీగతో టీవీకి తగిలించండి. టీవీలో బొమ్మ వచ్చిందా, లోపలి పలక బాగున్నట్టే. తెరకు వెళ్లే తీగో, తెరో చెడింది. మంథనిలో ఇంజనీరింగు చదివే మా వీధి అమ్మాయి లాప్‌టాప్‌కు "మదర్‌బోర్డు పోయింది, బాగుచేసినా దండగ" అని ఒక దుకాణంలో చెప్పారు. వాళ్లమ్మ ఇంటికి తెచ్చి టీవీకి తగిలిస్తే బొమ్మ నిక్షేపంగా వచ్చింది. ఇంకొకచోట తీగ మార్చి ఇచ్చారు. ఆ పిల్ల ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు అంతా అందులోనే ఉంది!

ఆ తీగ ఎందుకు తెగుతుందంటే, మూతను ఒక మూల పట్టుకుని లాగి తెరవడం వల్ల. పలచని మూత మెలితిరిగి మడతబందు దగ్గర ఒత్తిడి పడుతుంది. నడిమధ్య పట్టుకుని తెరవాలి. లోహపు ఒంటి లాప్‌టాప్‌లు ఛార్జింగులో ఉండగా ముట్టుకుంటే చేయి జివ్వుమంటుందని కొందరు అంటారు. అది చాలామట్టుకు ప్లగ్గులో ఎర్తు లేకపోవడం వల్ల వచ్చేది. పాత క్వార్టర్లలో ఉండేవారు ఎలక్ట్రీషియనుకు చూపించండి, గీజరుకూ వాషింగు మిషనుకూ కూడా మంచిది. టీ ఒలికితే వెంటనే ప్లగ్గు పీకి, ఆర్పి, తెరిచిన పుస్తకాన్ని బోర్లించినట్టు బోర్లా పెట్టి ఆ రోజే మెకానిక్‌కు చూపించాలి. బియ్యంలో పెట్టడం, జుట్టు ఆరబెట్టే మిషను పట్టడం, ఈ రెండూ చేయకండి.

దుకాణానికి ఇచ్చేముందు ఆడవాళ్లం తప్పకుండా చేయవలసిన పని ఒకటుంది. అందులో మన పెళ్లి ఫోటోలుంటాయి, పిల్లల ఫోటోలుంటాయి, ఆధారు, బ్యాంకు కాగితాలుంటాయి. అన్నిటినీ వేరే డ్రైవులోకి ఎక్కించుకోండి. శుభ్రం చేయడానికీ, బ్యాటరీ మార్చడానికీ పాస్‌వర్డుతో పనిలేదు, ఇవ్వకండి. డిస్కు మార్పిస్తే పాతది అడిగి తెచ్చుకోండి. చిన్న డబ్బా కొని దాన్ని అందులో పెట్టుకుంటే ఫోటోలు దాచుకునే పెట్టె అవుతుంది. ఇంకొకటి, పలక మార్చినా, లోపలి అమరికలు మార్చినా కొన్ని లాప్‌టాప్‌లు మళ్లీ తెరిచేటప్పుడు బిట్‌లాకర్ అని 48 అంకెల తాళంచెవి అడుగుతాయి. అది లేకపోతే లోపలి సరుకంతా ఉన్నా లేనట్టే. పిల్లలు పెట్టుకున్న మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ అంకెలు ఉంటాయి. ఈ రోజే తీయించి, పాల లెక్క రాసుకునే పుస్తకం వెనక పేజీలో రాసుకోండి.

ఫలానా భాగం దొరకదనీ, బయట విప్పించారు కనుక గ్యారంటీ మొత్తం పోయిందనీ కంపెనీవారు అంటే అక్కడితో ఆగనక్కరలేదు. బాగుచేయించుకునే హక్కు గురించి కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో ఒక పోర్టలు తెరిచింది, కంపెనీలు తమ సర్వీసు వివరాలు అందులో పెడుతున్నాయి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. తెలుగులోనే మాట్లాడవచ్చు. ఫోను చేసేటప్పుడు బిల్లూ, లాప్‌టాప్ అడుగున ఉండే సీరియల్ నంబరూ చేతిలో పెట్టుకోండి, మొదట అడిగేవి అవే. అడుగున అక్షరాలు అరిగిపోయి ఉంటే కొన్ననాటి అట్టపెట్టెమీద కూడా అదే నంబరు ఉంటుంది. అటకమీద వెతకండి.